చెల్లు

సిరొంచ తహసీలు కచేరీలో
ఫైళ్ల గదికి సున్నం వేయిస్తారట.
అంతకు ముందు లోపలున్నవన్నీ రాయాలి.
నింబాళ్కర్ సాహెబు కుర్చీలోంచే శీర్షిక చెప్పాడు:
కాలబాహ్య వస్తూంచీ యాదీ.

యాదీ అంటే ఆయనకు జాబితా.
మా ఇంట్లో యాది అంటే జ్ఞాపకం.
ఈ పని సాయంత్రానికి తెమలదని
అప్పుడే తెలిసిపోయింది నాకు.

కందిళ్లు మూడు, గాజు ఒకదానికే.
వరద కొలిచే కర్ర, అడుగులూ అంగుళాలూ,
పద్దెనిమిదో అడుగు దగ్గర ఎవరో గోటితో గీసిన గీత.
టైపు మిషను ఒకటి, ళ అక్షరం విరిగింది.
ఇక్కడి మరాఠీలో కాలాన్ని కాళ్ అంటారు,
ఎన్నేళ్లుగానో ఆ మిషను మీద
కాలం పడలేదన్నమాట.

ఐదో నంబరు గదిలో లేదు.
రేవులో బోర్లా పడి ఉంది, సర్కారు పడవ,
టేకు చెక్క, వంతెన తెరిచిన ఏటి నుంచీ ఎండుతోంది.
దాని సంగతి చెప్పడానికి పోశాలును పిలిపించారు.
తువ్వాలు దులుపుకుని గడప మీదే కూర్చున్నాడు.
"ఏం రాస్తున్నవ్ చెల్లె?"
"కాలబాహ్య."
"మన తెలుగుల చెప్పరాదు."
"కాలం చెల్లినయ్."
కాసేపు చూశాడు.
"చెల్లినయా, చెల్లనియా?"

కలం ఆగింది.
చిరిగిన నోటు చెల్లదంటాం.
మందు సీసాకు కాలం చెల్లిందంటాం.
రెండూ పెంటకుప్పకే.
చెల్లినా పాతదే, చెల్లకున్నా పాతదే,
మరి కొత్తది ఏమవుతోందో ఏ మాటా చెప్పదు.
పంచాయితీలో పెద్దమనిషి మాట చెల్లింది అంటే నెగ్గింది.
మా మేనత్తకు నూరేళ్లు చెల్లాయి అన్నరోజు
ఇల్లంతా ఏడ్చాం.
బాకీ తీరిన చీటీ మీద అడ్డంగా గీత కొట్టి
సేటు రాసేదీ ఈ మాటే.

పోశాలు నా తంటా చూసి నవ్వాడు.
"నా పడవ ఎవనికీ బాకీ లేదు.
గంగ దాటినోళ్లు కిరాయి ఇచ్చిన్రు.
ఇయ్యనోళ్లను గంగ యాదుంచుకుంటది.
చెల్లిందనే రాయి."

మధ్యాహ్నం డబ్బా విప్పాను.
జొన్నరొట్టె, మూడేళ్లనాటి చింతకాయ తొక్కు.
ఎవరైనా అరిగిపోయిన ముచ్చట చెబితే
పాత చింతకాయ తొక్కు అని మూతి తిప్పుతాం గానీ
జ్వరం తగ్గినవాడి నాలుకకు
ముందుగా పెట్టేది అదే.
సాహెబు కొసరు వేయించుకున్నాడు రెండుసార్లు.
ఏ సాలుదో అడగలేదు.

వేలంపాట సోమవారం.
ఆష్టి నుంచి వచ్చిన కట్టె వ్యాపారి
పడవను తట్టి చూసి, వాసన చూసి
కిటికీ చట్రాలు ఎన్ని వస్తాయో లెక్కేసుకున్నాడు.
కర్ర ఎవరికీ అక్కర్లేకపోయింది.
టైపు మిషను పాత ఇనుము తూకానికి పోయింది.

అందరూ వెళ్లాక పోశాలు
పడవ కింద దొరికిన తగరపు డబ్బా తెచ్చి
నా బల్ల మీద పెట్టాడు.
అడుగున సొట్ట, అంచున తాడు,
చిల్లుపడ్డ నాటి నుంచీ నీళ్లు తోడిపోసిన డబ్బా.
"దీనికెంత?"
జాబితాలో అది లేదు.
"ఊకే తీస్కపో" అన్నాను.
వినలేదు. నలభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు,
అందులో ఒక పదినోటు నడుమ చిరిగి
అన్నం మెతుకుతో అతికించి ఉంది.
"పడవ లేదు గద, డబ్బా ఎందుకే?"
"బర్రెకు కుడితి పొయ్యనీకి."

రసీదు రాశాను.
ఆ పదినోటు చెల్లుతుందో లేదో
చూడకుండానే
కింద చెల్లు అని రాసి
సంతకం పెట్టాను.