ముందు చుక్క

ఎనుమాముల యార్డుల మిర్చి ఘాటుకు
సర్వర్ డబ్బా కూడ తుమ్ముతదని మొగిలి అంటడు.
నిజమే, ఫాను రెక్కల మీద ఎర్రటి పొడి.
మార్చి నెల. కిటికీ తెరిస్తే కండ్ల మంట,
మూస్తే చెమట.

నా పని చిన్నది:
ఈ ఆఫీసు నుంచి బయటికి పోయే ప్రతి మాటనూ
గడప కాడ ఆపి
ఎటు పోతున్నవని అడుగుడు.
ఎవరు పంపిన్రో కాదు, కవరు చింపి చూసుడు కాదు.
పోయే చోటు. అంతే.

పైనుంచి కిందికి పదకొండు నిబంధనలు.
మొదట ఏది కలిస్తే దానిదే తీర్పు,
కింది వాటి మాట ఎవరూ వినరు.

క్రికెట్ రోజులు. గుమాస్తాలు పందేలు కాస్తున్నరని
కార్యదర్శి గరమైండు.
రాత్రి పదింటికి, ఇంటికి పోయే తొందరల,
రెండో వరుసల రాసిన:
పేరుల ఎక్కడ 'బెట్' ఉన్నా ఆపు.
ముందొక చుక్క, వెనకొక చుక్క,
ఆరు కొమ్ముల చుక్క, ఏదైనా సరే అనే చుక్క.

తెల్లారి పందేలు ఆగినయ్.
యార్డు దవాఖానల హమాలీల షుగర్ చీటీలు కూడ ఆగినయ్.
డయాబెటిస్ కడుపుల బెట్ ఉన్నదని
నాకు యాది లేదు.
యంత్రానికి ఉన్నది.

బానోత్ లచ్చిరాం, నెక్కొండ దిక్కు తండా,
నలభై బస్తాలు దించి, రక్తం ఇచ్చి,
కాయితం కోసం మెట్ల మీద కూసున్నడు.
అవతల వేలంపాట మొదలైతాంది.
"కంప్యూటర్ వద్దంటాందా బిడ్డా?"
వద్దన్నది అది కాదని
చెప్పలేకపోయిన.

ఆ సాయంత్రం కాజీపేటల ఓదెలు సారు ఇంటికి పోయిన.
ముప్పై రెండేండ్లు రైలు డబ్బాల ఉత్తరాలు వేరు చేసిన మనిషి,
ఇప్పటికీ ఉల్లిగడ్డలు ఏరినా గళ్లల్ల వేసినట్టే ఏరుతడు.
నా గోస విని నవ్విండు.
"ఐదు సున్న ఆరు చూస్తే ఓరుగల్లు సంచి.
ఆరంకెలూ చూస్తేనే ఊరు.
సంచికి సరిపోయే చూపుతోటి
ఊరికి వేస్తే ఎట్ల పిల్లా?
రాంపూర్ అని రాసి ఊకుంటే
నాలుగు రాంపూర్లు చెయ్యి లేపుతయ్."

చదవరానివి ఏం చేసేటోళ్లు సార్?
"వాటికి వేరే గడి. పారెయ్యం.
చిరునామ చెడ్డంత మాత్రాన
ఉత్తరం చెడ్డది కాదు..."
చాయ్ల బిస్కెట్ విరిగి పడ్డది.
చెంచా కోసం లేచిండు, మాట అక్కడ్నే ఆగింది.

మళ్ల రాత్రి. బెట్ తీసేసిన.
పందేల కంపెనీలు ఒక్కొక్కటీ పూర్తి పేరుతోటి.
పేరు ముందు ఒక చుక్క,
ఈసారి కొమ్ముల్లేనిది, ముగ్గుల పెట్టేంత.
ఆ చుక్క ఉంటే ఆ ఇంటి గదులే లెక్కలకొస్తయ్.
లేకుంటే, ఆ పేరును తోకకు కట్టుకున్న
దొంగ ఇల్లు కూడ చుట్టమైతది.
ధరల బోర్డుకూ అదే చుక్క.
దవాఖానను పందేల మీదికి ఎక్కించిన.
కోల్డ్ స్టోరేజీ అంకెల్ల మూడు భాగాలు గట్టిగ పట్టి
నాలుగోది వదిలిన,
అక్కడికి కొత్త తూకం యంత్రాలు వస్తయట.

మన భాషల ఆకాశంల ఉన్నదీ చుక్కే,
అంకెల నడుమ ఉన్నదీ చుక్కే.
ఒకటి అందర్నీ రమ్మంటది,
ఒకటి ఎవలింటోళ్లని అడుగుతది.
రెండిటినీ నేను ఒక్క వేలుతోటే కొడ్త.

పదకొండో వరుస: మిగిలినవన్నీ ఆపు.
వేలు ఆగింది.
పక్కన 'రాసిపెట్టు' అని కూడ గీటు పెట్టిన.

పొద్దున ఆరు. ఆగినవి పదిహేడు పేర్లు.
పదిహేను పందేలు, సినిమాలు.
ఒకటి పెండ్లి సంబంధాలది. మొగిలిదే అయి ఉంటది, అడగలేదు.
పదిహేడోది గజిబిజి,
ఏ గళ్లకూ సరిపోని అక్షరాలు.
ఎవలో తెలుగుల కొట్టిన చిరునామ,
యంత్రం తన నోటికి తిరిగినట్టు మార్చుకున్నది.
రాత్రి మూడుసార్లు తట్టి
ఎనక్కి పోయింది.

బయట హమాలీల కేకలు మొదలైనయ్.
చాయ్ పక్కన పెట్టి
ఒక్కొక్క అక్షరం విప్పుతున్న.