ఏనుగుబండ హాజిర్ హో

మా కోర్టుకు గంట లేదు. గొంతే ఉంది, అది నాది.
పదిన్నరకు వరండాల నిలబడి
ఒక్కో పేరు మూడుసార్లు పిలుస్త.
నాకంటె ముందు మా మామ పిలిచేటోడు,
ఆయన కేకకు ఎదురుంగ జొన్నచేలల పిట్టలు లేచేటివట.
నా కేకకు
బిర్యానీ పార్సిల్ పిల్లగాడొకడు తలకాయెత్తి చూస్తడు.

అప్పుడు పట్నం పద్దెనిమిది మైళ్లు.
ఇప్పుడు హైదరాబాదే నడిచొచ్చి మా గేటు కాడ కూసున్నది.

డంగుసున్నం గోడలు, షాబాదు నేల,
మెట్లు మాత్రం గరుకు గరుకు గులాబి రాయి.
గుర్రాలు కట్టేసిన ఇనుప కడియాలు గోడకే ఉన్నయి,
వకీళ్లు వాటికి హెల్మెట్లు తగిలిస్తరు.
పోలీస్ యాక్షన్ నాడు ఏ దస్త్రాలు కాలినయో
రికార్డు రూము కప్పు మీది మసికి ఎరుక.
సాక్ష్యం చెప్పది.

ఉర్దూ రాత చదివెటోడు ఖలీముద్దీన్ సాబ్ ఒక్కడే మిగిలిండు.
వేలు కుడికెల్లి ఎడమకు జరుగుతది,
నోరు తెలుగుల చెప్తది:
తూర్పుకు ఏనుగుబండ.
పడమరకు కుమ్మరోళ్ల ఆవం.
ఉత్తరానికి బండ్లబాట, వానకాలం బంద్.
దక్షిణానికి పీర్ల గుండం, దాని పక్క తంగేడు పొద.
తంగేడు పొద!
దాన్ని గూడ హద్దు రాసిండు మహానుభావుడు,
అది ఏడికీ పోదనుకున్నడేమో.

కావలి అంతయ్య దావా. ముప్ఫై ఒక్క ఏండ్లు.
అంతయ్యను మా మామ పిలిచిండు.
కోడలు సత్తెమ్మను నేను పిలిచిన.
ఇప్పుడు మనుమడు, చెవుల తీగెలు తీసి మరీ వస్తడు పాపం.

బండను చూసి రమ్మని కమిషనరమ్మను పంపిన్రు.
ఫోన్ల మ్యాపు పట్టుకొని ఎండల తిరిగి తిరిగి
రాసుకొచ్చింది: సదరు స్థలమందు బండ లేదు,
పద్దెనిమిది అంతస్తులు, ఒక ఈతకొలను కలవు.
పునాదికి తొమ్మిది దినాలు పేల్చిన్రని
వాచ్‌మన్ చెప్పిండట.

ఎల్లుండి కొత్త కాంప్లెక్సుకు పోతున్నం.
ఆడ పేరు పిలుసుడు లేదు,
నంబరు ఎర్రగ వెలుగుతది.

నిన్న పొద్దుగూకినంక, అందరు పోయినంక
చీపురు పక్కకు పెట్టి మెట్ల మీదికి వచ్చి నిలబడ్డ.
ఏనుగుబండా... హాజిర్ హో.
ఆటో ఒకటి ఆగి, నన్ను చూసి, పోయింది.
ఏనుగుబండా.
మూడోపారికి ఖలీముద్దీన్ సాబ్ బయటికొచ్చిండు
అద్దాలు తుడుసుకుంట.
"దాని మీదనే నిలబడి దాన్నే పిలుస్తవేంది బిడ్డా,
ఈ మెట్లు ఏడ కొట్టుకొచ్చిన్రనుకున్నవ్?"

చెప్పులు పక్కకు జరిపిన.
పగటెండ ఇంకా దాంట్లనే ఉంది.