ఒక తల ఎక్కువ

ఆదోని డిపోలో మొదటి సర్వీసు నాది.
ఐదుంబావుకి బండెక్కితే
డీజిలు వాసనే నాకు కాఫీ, ఎనిమిదేండ్లుగా.
మొన్న మంగళవారం మాత్రం
మద్దిలేటన్న ఇంజను తిప్పంగానే
కడుపులోంచి ఎవరో తాడేసి లాగినట్టయింది.
రాత్రి తిన్న మిరపకాయ బజ్జీ అనుకున్నా.
బజ్జీ మీద నేరం మోపడం తేలిక.

ఎమ్మిగనూరులో అన్న ఉగ్గాని పొట్లం తెచ్చిచ్చినాడు.
నిమ్మకాయ వాసన దాకా బాగానే ఉండె,
పప్పుల పొడి ముక్కుకు తగలంగానే
కిటికీలోంచి తల బయటబెట్టి
ఇంకా తెల్లారని పత్తి చేల మీద కక్కినా.
ఎవరూ చూడలే.
చూసినా కండక్టరమ్మకు పైత్యం అనుకుంటారు.

మూడు దినాలుగా నోట్లో
నాలుక కింద రూపాయి బిళ్ళ పెట్టుకున్నట్టు రుచి.
చిల్లర సంచి ముట్టిన చేత్తో అన్నం తిన్నానేమోనని
సబ్బుతో రెండుసార్లు కడిగినా.
బిళ్ళ కరగలే.

ఎంత రద్దీలోనైనా సందు చేసుకోని పోయేదాన్ని,
గోనెగండ్ల దాటినాక సీటు రాడ్డు రొమ్ముకు తగిలి
కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.
కోడుమూరులో బండి నిలబడకముందే దిగి పరుగు.
పొద్దున్నించి మూడోసారి.
మరుగుదొడ్డి కాడ డబ్బులడిగే పిల్లోడు
"నెల పాసు తీసుకో అక్కా" అని నవ్వినాడు.

లెక్కల మనిషిని నేను.
ఏ స్టేజీకి ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్తా.
డ్యూటీ చార్టు వెనక
నెలకొకసారి పెన్సిలుతో పెట్టుకునే చుక్క,
పోయిన నెలది ఉంది. ఈ నెలది లేదు.
పెట్టడం మర్చిపోయినానా,
పెట్టే పనే రాలేదా?

మర్చిపోయినాననే అనుకున్నా.
రెండేండ్ల కిందట
గబగబా చుక్కలు లెక్కబెట్టి
రంగమునికి చెప్పి, మాయమ్మకు చెప్పి,
జిన్నింగు మిల్లులో అతని జతగాళ్ళకందరికీ బూందీ పంచి,
పదో వారంలో
వాళ్ళందరికీ మళ్ళా ఇంకో మాట చెప్పాల్సొచ్చింది.

ఎర్రగడ్డల మూటలు ఎక్కించుకోని
గిడ్డక్క ముందు సీట్లో కూచుంది.
"సున్నా టికెట్టు కొట్టుమే" అని కార్డు చూపించింది.
కొంగు నిండా ఎర్రగడ్డల వాసన.
మిషను నొక్కబోయి ముక్కు మూసుకున్నా.
ఆయమ్మ కార్డు లోపల పెట్టుకోలే.
గడ్డను చేతిలోకి తీసుకోని
పైపొర కింద తడి ఎంతుందో చూసినట్టు
నన్ను చూసింది.
"ఎన్ని దినాలాయమే తలకు పోసుకోని?"
బండి గుంతలో పడింది. నా జవాబూ దాంట్లోనే పడింది.
"కంటి కింద నీడొచ్చింది. మొగంలో అలుపుంది.
ఎర్రగడ్డకు ముక్కు మూసే కండక్టరు
మన కర్నూలులో యాడన్నా ఉంటాదా?
అట్లని నా మాట నమ్మొద్దు.
పైత్యానికీ ఇట్లే ఉంటాది, రగతం తక్కువైనా ఇట్లే ఉంటాది.
పెద్దాసుపత్రికి పో. పోయినసారి సంగతి దాచొద్దు."
పోయినసారి సంగతి
ఆయమ్మకు నేనెప్పుడు చెప్పినా?

హంద్రి వంతెన కాడ చెకింగు వాళ్ళు ఆపినారు.
టికెట్లు యాభై ఒకటి.
ఇన్‌స్పెక్టరు వేలు చూపిస్తా తలలు లెక్కబెట్టినాడు,
యాభై ఒకటి. సంతకం పెట్టినాడు.
సార్, ఇంకోసారి లెక్కబెట్టండి అనాలనిపించి
నాలుక కరుచుకున్నా.
ఐదేండ్ల లోపు టికెట్టు లేదులే.
ఆ తర్వాత సున్నా టికెట్టో, పైసలిచ్చే టికెట్టో
అప్పుడు చూసుకుందాం.

కర్నూలు బస్టాండు ఎదురుగా మందుల షాపులో
కాగితంలో చుట్టి ఇచ్చినాడు.
"పొద్దున్నే మొదటి నీళ్ళతో చూసుకోండి."
చిల్లర సంచిలో బిళ్ళల మధ్య దాచినా.
రంగముని ఫోనొచ్చింది.
"తిన్నావా?" అన్నాడు. "తిన్నా" అన్నా.
చార్టు వెనక పెన్సిలు ఆనించి
ఏమీ పెట్టకుండా తీసేసినా.

మద్దిలేటన్న ఏమీ అడగలే.
తిరుగు ట్రిప్పులో
ఆదోని దాకా ఒక్క గుంతనూ వదలకుండా
ముందే బ్రేకు పట్టినాడు.