ఏడువందలు

కరెంటు పోయింది. ఆక్సిజన్ మిషను ఆగింది.
దాని మీద అప్పటికే ముగ్గురు పసికందులు,
నాలుగో గొట్టం ఎటూ లేదు.

ఫట్సానీ మలావీ సరస్సు ఒడ్డున ఎండుచేపలు అమ్ముతుంది.
ఎన్నో నెలంటే
"తొలివానకి నెల తప్పింది,
మొన్ననే మొక్కజొన్న కోశాం" అంది.
రిజిస్టరుకి వానలు అక్కర్లేదు, వారాలు కావాలి.
ఇరవయ్యారని రాశాను.

నలభై నిమిషాలు
నా ఫోను దీపం కింద
వాడి పక్కటెముకలు లోపలికీ బయటికీ.
ఆమె రొమ్ముల మధ్య పడుకోబెట్టి
ఉన్న ఒక్క ఉన్ని టోపీ తొడిగాను,
అది మెడదాకా జారింది.

తర్వాత కాటా మీద పెట్టాను. ఆరువందల ఎనభై.
ఆమె చేతులు చాచి తీసుకుంది, అరచేతుల్లో ఒకసారి ఎత్తి దించింది.
"నీ కాటా తప్పు సిస్టర్. ఏడువందలు."
పదకొండో ఏటినుంచీ చేపలు తూచిన చేతులు.
కొట్టేసి రాశాను.

పక్కన రెండు గడులు: పుట్టుక, గర్భస్రావం.
ఇన్ని వారాలకి రెండోదాంట్లో వేసెయ్యమని పెద్ద సిస్టరు మాట.
నలభై నిమిషాల సంగతి ఆవిడ చెప్పలేదు.
మొదటిదాంట్లో వేశాను.

తెల్లారింది. అంబులెన్సుకి డీజిలు లేదు.
శవమని తెలిస్తే మినీబస్సువాడు నాలుగింతలు అడుగుతాడు.
అందుకని చితెంజె గుడ్డతో వాణ్ణి ఆమె ఛాతీకి కట్టాను,
ఎవరడిగినా నిద్రపోతున్నాడని చెప్పమన్నాను.

రెండుసార్లు అని చూసుకుంది.
మూడోసారికి
గొంతు తగ్గించింది,
లేస్తాడేమోనన్నట్టు.