టెంకల పద్దు

పదకొండేళ్లు చిత్తూరు చర్చి వీధి మేడమీద
ఆకుపచ్చ సిరాతో టిక్కులు పెట్టాను.
రైసుమిల్లు తరుగు, పాల డెయిరీ డీజిలు బిల్లులు,
ఒకరి అబద్ధం, ఇంకొకరి మతిమరుపు,
అన్నీ నా పెన్ను కిందికొచ్చి
పక్కకు వంగిన చిన్న గీత తగిలించుకుని వెళ్లేవి.
మార్చి ముప్పై ఒకటి రాత్రి
ఊరంతా నిద్రపోతుంటే
టార్చిలైటు వేసుకుని గోడౌన్లో బస్తాలు ఎంచేదాన్ని.

ఆ జులైలో గుడిపాల దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
డ్రమ్ములు నాలుగు వేల రెండొందల పదహారు.
రిజిస్టరూ అదే మాట చెప్పింది.
బెంగళూరా కాయ ఎంతొచ్చింది, గుజ్జు ఎంత వెళ్లింది,
తొక్కెంత, తడెంత,
అంతా అతికింది.
గేటు బయట మాత్రం కొండలా టెంకలు,
ఈగల రొద, పులిసిన తీపి వాసన.
వాటికి పద్దు లేదు.

"టెంకలు ఎక్కడికి పోతాయి?"
మేనేజరు నవ్వాడు. "పోతాయి మేడమ్."
వోచరు లేకుండా ఏదైనా పోవడం
నేను చదివిన చదువులో లేదు.
రాసుకున్నాను: ప్రశ్న పదిహేడు.

నటేశ మొదలియార్ గారు కళ్లద్దాలు నుదుటికెత్తి
"అంత పెద్ద విషయం కాదులేమ్మా, కొట్టెయ్" అన్నారు.
మంచి మనిషి. కొట్టేశాను.
గీత కిందినుంచి
ప్రశ్న కనబడుతూనే ఉంది.

ఆదివారం టెంకల ట్రాక్టరు వెనక స్కూటీలో పోయాను.
నీవా ఇసుక దాటి, తవణంపల్లె దాటి,
ఎర్రమట్టి మడిలో చెంగల్రాయప్ప
టెంకల్ని వరసగా పడుకోబెడతా ఉన్నాడు,
పసిపిల్లల్ని చాప మీద సర్దినట్టు.
"ఏమ్మే, యాడ్నించి?"
"లెక్క చూడ్డానికి."
"చూడు, చూడు. మొలిస్తే లెక్క. మొలవకుంటే ఎరువు."
నేను చూసిన బ్యాలెన్స్ షీట్లలో
అంత పొట్టిది ఇంకొకటి లేదు.

పక్క మడిలో రాగిరంగు మొలక ఒకటి తీసి
తల కోసి, నడిమికి చీల్చి,
బేనీషా పుల్లను ఉలిమొనలా చెక్కి దించాడు.
ప్లాస్టిక్ పట్టీ చుట్టి, కట్టిన చోట
బొటనవేలితో ఒకసారి ఒత్తాడు,
జ్వరం చూసినట్టు.
"అతికిందీ లేందీ ఎప్పుడు తెలుస్తుంది?"
"అదే చెప్తాది."
గడువు తేదీ లేని జవాబు
నేను వినడం అదే మొదలు.

రాజీనామా మూడు లైన్లు.
రాయడానికి ఏడు నెలలు పట్టింది.
మా ఆయన జయచంద్ర ఏమీ అనలేదు.
పాలవాడి కార్డు తెచ్చి నా ముందు పెట్టాడు.
అంతకన్నా గట్టిగా నన్నెవరూ ఆడిట్ చెయ్యలేదు.

మొదటి ఏడు మూడొందల అంట్లు కట్టాను.
నూటపద్దెనిమిది చచ్చిపోయాయి.
నల్లబడ్డ పుల్లల్ని నేలమీద పరిచి ఎంచాను,
ఎవరూ అడక్కపోయినా, రెండుసార్లు.
రాబడి జీతంలో సగం కూడా లేదు.
కాకిలెక్క కాదు, పుస్తకం ఉంది నా దగ్గర.
కత్తి జారిన ఎడమ చూపుడువేలు మీద
పక్కకు వంగిన చిన్న గీత.
అది మానింది, పోలేదు.

అయినా వాన వెలిసిన పొద్దున
పట్టీ పైన గోరంత చిగురు కనబడితే
మా ఇంట్లో ఎవరికీ అర్థంకాని కేక ఒకటి వేస్తాను.

మొన్న మొదలియార్ గారు వచ్చారు,
రెండు మల్గూబా మొక్కలు కావాలని.
బిల్లు అడిగారు. రాసిచ్చాను.
మొత్తం రెండుసార్లు కూడి చూసుకుని
"ఎన్నేళ్లకు కాస్తాయమ్మా?" అన్నారు.
మల్గూబా ఆలస్యపు చెట్టు. ఆరేళ్లు.
ఆయనకు డెబ్బై తొమ్మిది.
కళ్లద్దాలు నుదుటికెత్తి
లేతాకును దగ్గరగా పట్టుకుని చూస్తున్నారు.

"మూడు" అన్నాను.

టిక్కు పెట్టినట్టు తల ఊపారు.
కారు వెనక సీట్లో రెండు మొక్కలూ
కిటికీలోంచి తలలు బయటపెట్టి
చిత్తూరు దారి పట్టాయి.