ఎలుగెత్తినవాడు

ఇనారి సరస్సు గడ్డకట్టిన మూడో వారం.
లైబ్రరీ కిటికీ పక్కన రిస్తెన్ బొమ్మలు గీస్తోంది.
నాలుగు గళ్ళ కామిక్, పేరు ‘చావనివాడు’.
హీరో బార్నబీ థ్రేల్, లండన్ నుంచి హెలికాప్టర్లో దిగాడు.
మొలలో కత్తి, గడ్డంలో మంచు.
మంచు మేకప్ అమ్మాయి అంటించింది.

మొదటి గడిలో గుసగుసగా అంటాడు:
“ఇది మనిషి అడుగు పెట్టని చోటు.”
అతని చెవి వెనకాల, ఆవగింజంత,
రిస్తెన్ వాళ్ళవ్వ మారెత్
తాడు మీద మేజోళ్ళు ఆరేస్తూ ఉంటుంది.

రెండో గడిలో ఆకలి.
రాతి మీది తెల్లనాచు పీకి నోట్లో కుక్కుకుని
“బతకాలంటే ఇదే దిక్కు” అంటాడు కెమెరాతో.
పక్కనే ఒక రెయిన్‌డీర్, మెడకి రుమాలు కట్టుకుని,
“బాబూ, అది నా కంచం.”

అసలు మనిషి వచ్చినప్పుడు
నేను ఊరి హోటల్లో రాత్రిపూట తాళాలిచ్చేదాన్ని.
మంచుగుహలో ఒంటరిగా అతను మృత్యువుతో పోరాడిన రాత్రి
ఇరవై రెండో గది నుంచి ఫోనొచ్చింది,
ఇంకో దిండు కావాలని.
ఈ సంగతి రిస్తెన్‌కి చెప్పింది నేనే.
ఆ పాపానికే కాబోలు
కామిక్‌ని తెలుగులో పెట్టే పని నా నెత్తిన పడింది.

మూడో గడి దగ్గర ఆగిపోయాను.
థ్రేల్ అరుస్తాడు, ఎలుగుబంటి వస్తుంది, అంతే.
రిస్తెన్ భాషలో అరుపు అరుపే, ఎలుగు ఎలుగే,
రెంటికీ చుట్టరికం లేదు.
నేను మామూలుగానే రాశాను:
‘బార్నబీ ఎలుగెత్తి పిలిచాడు.’
రాసి చూసుకుంటే,
వాక్యంలోంచి నిద్ర చెడిన మొహంతో
ఎలుగు తనంతట తనే లేచి నిలబడింది.
“ఎత్తావు సరే,
దించేదెవరు?”

రిస్తెన్‌కి ఇది విప్పి చెప్పడానికి పదిహేను నిమిషాలు.
ఈలోగా కాఫీ చల్లారింది,
అందులో వేసిన జున్నుముక్క మెత్తబడి మునిగింది.
ఆమె మర్యాదకి నవ్వింది.
తర్వాత ఇంటికెళ్ళే దారిలో, బూట్లు జారుతుంటే,
నిజంగా నవ్వింది.

ఆ ఊపులో నేను ఇంకొకటి వదిలాను.
“అడవి కాచిన వెన్నెల అంటాం మేము.
చూసేవాళ్ళు లేక వృథా అయిన అందం.”
రిస్తెన్ ఏమీ అనలేదు.
పొయ్యి దగ్గర మారెత్ అవ్వ తలెత్తింది.
“చూసేవాళ్ళు లేరని చెప్పిందెవరు?”
“సామెత అవ్వా.”
“ఆ సామెతకి గడ్డముందా? గడ్డంలో మంచుందా?”

నా దగ్గర జవాబు లేదు.
చిన్నప్పటి నుంచీ నోట్లో నానిన మాట
మొలలో కత్తి దోపుకుని
హెలికాప్టర్ దిగుతూ కనిపించింది.

నాలుగో గడి ఆ రాత్రే గీసింది రిస్తెన్.
థ్రేల్ దారి తప్పాడు. బ్యాటరీ చచ్చింది.
మంచులో తన అడుగుజాడల చుట్టూ తనే మూడోసారి తిరుగుతూ
మేజోళ్ళ తాడు తగిలి బోర్లా పడ్డాడు.
అవ్వ మాట కోసం బుడగ ఖాళీగా ఉంచి
పెన్సిలు నా చేతికిచ్చింది.
రాశాను:
“అడుగు వేసేముందు అడుగు, నాయనా.”

ఇక అతను గుడిసెలో చలి కాచుకుంటున్నాడు.
అవ్వ కాఫీ కాస్తోంది.
బయట వెన్నెల కాస్తోంది,
మేజోళ్ళ మీద, రెయిన్‌డీర్ కంచం మీద.
ఎలుగు మాత్రం ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.
ఎలా దించాలో నాకింకా తోచలేదు.