ఆరంకెలు

లాకుకి రెండు తలుపులుంటాయి.
రెండూ ఒక్కసారి తియ్యకూడదు.
నా ఉద్యోగమంతా ఈ ఒక్క ముక్కే.
ఇరవై ఆరేళ్ళుగా రాజోలు కాలవ మీద
ఇనప చక్రం తిప్పి తిప్పి
అరిచేతులు కాయలు కాసిన లస్కర్ని.

పడవలు నడిచే రోజుల్లో
కొబ్బరికాయల పడవ తొట్టిలోకొచ్చాక
వెనక తలుపు మూసి
నీళ్ళు సమం అయ్యేదాకా
బీడీ ముట్టించుకుని కూచునేవాణ్ణి.
సరంగు తిట్టేవాడు, "తియ్యవయ్యా, పొద్దుపోతంది!"
తిడితే నీటిమట్టం పెరుగుద్దా?

మొన్న కార్తీకం చివర్లో
రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది.
ఏసుబాబు. మా అక్క కొడుకు.
అదే ఫోటో, యానాం ఏటిగట్టున నల్ల కళ్ళద్దాలతో.
"మావయ్య గారూ, పొరపాటున మీ ఫోనుకి
ఆరంకెలు వచ్చాయి. త్వరగా పంపండి."

పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను
"గారూ" అన్లేదు.
"లాకుమావా, తిన్నావా" అంటాడు.
ముల్లు తగిలింది గొంతులో.
తగిలిందని తెలిసీ మింగేశాను.

కళ్ళజోడు పెట్టుకుని అంకెలు చదివాను,
వాటి కింద ఉన్న వాక్యం చదవలేదు:
ఎవరికీ చెప్పవద్దు.
కాయ కట్టిన బొటనవేలితో
ఒక్కోటీ నొక్కి పంపాను.

అంతే. నా ఫోనే నన్ను
అద్దె కట్టనోణ్ణి గెంటినట్టు గెంటేసింది.

ఆ రాత్రంతా ఎవడో
నా ఖాకీ చొక్కా ఫోటో తగిలించుకుని
ఊరిమీద పడ్డాడు.
నీటిసంఘం గ్రూపులో, ఇంజను మెకానిక్కు దగ్గర,
ఏఈ గారి దగ్గర:
"ఆస్పత్రిలో ఉన్నాను, మూడువేలు అర్జెంటు."
ఏఈ గారు అడిగారంట, "ఏ ఆస్పత్రి?"
అక్కడితో ఆగిపోయింది ఆ మాట.
నూకరత్నం ఏమీ అడగలేదు.
సఖినేటిపల్లి రేవులో పీతలమ్ముద్ది,
అక్షరం రాదు.
మనవరాలు చదివి వినిపించింది.
కొత్త వలకని దాచిన డబ్బులు
ఆ పిల్ల చేతే పంపించింది.

తెల్లారి క్యారేజీలో పీతల పులుసుతో,
ఆస్పత్రికి దారి అడుగుదామని మా ఇంటికొచ్చింది.
నేను వేప్పుల్ల నోట్లో పెట్టుకుని
అరుగు మీద కూచునున్నాను.
నన్ను చూసి నవ్వింది ముందు.
బాగా నవ్వింది.
తర్వాత మెట్టు మీద కూలబడి
క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని
ఏమీ మాట్లాళ్ళేదు.

ఏసుబాబు పరిగెత్తుకొచ్చాడు.
వాడి దగ్గరా ఇలాగే కాజేశారంట,
ఇంకెవరి మొహమో పెట్టుకొచ్చి.
కొరమీను కోసం గేలానికి
బతికున్న చేపపిల్లనే గుచ్చుతారు కదా,
వాణ్ణి గుచ్చి నన్ను పట్టారు,
నన్ను గుచ్చి నూకరత్నాన్ని.
పంతొమ్మిదివందల ముప్పైకి వాడే ఫోన్ చేశాడు.
రాసుకున్నారు.
డబ్బులు మాత్రం అప్పటికే సముద్రంలో కలిశాయి.

ఫోను నా చేతికొచ్చిన రోజు
వాడు ఇంకో ఆరంకెలు పెట్టమన్నాడు,
నాకొక్కడికే తెలిసినవి.
"ఇది రెండో తలుపు, లాకుమావా."
సిగ్గేసింది.
నాకా చెప్తున్నాడు!

నెలకి ఐదొందలు నూకరత్నానికి ఇస్తున్నాను.
నాలుగు నెలలయ్యాయి.
"నువ్వు మంచాన పడలేదు, అది చాల్లే" అంటది,
అంటూనే నోటు లెక్కపెట్టి రొంటిన దోపుద్ది.

నిన్న ఏఈ గారి మెసేజీ:
"తలుపు ఒక అడుగు ఎత్తు. అర్జెంటు."
నేను ఫోన్ చేశాను.
"మెసేజీ చూళ్ళేదా? పొద్దుపోతోందయ్యా!"
"చూశానండి. మీ గొంతు విందామని."
తిట్టారు. ఇంకాసేపు తిట్టారు.
ఆయన గొంతే.
అప్పుడు లేచి
చక్రం మీద చెయ్యేశాను.